కుంఫిణీ దొరతనము - పార్లమెంటు కావలి

మన సర్కారు జిల్లాల పాత దస్త్రములను తిరుగవేసినవారికి 'కుంఫిణీవారు' అను మాట పుటపుటకును తగులును. కుంఫిణీవారి కచేరి, కుంఫిణీవారి సిపాయి, కుంఫిణీవారి రూపాయి, కుంఫిణీవారికి చెల్లవలసిన పేష్కషు. మన పూర్వులు ఈ మాటను ఒక రాజవంశమునకు పేరువలె వాడుకొనిరి. గజపతులు పోయిరి, కుతుబుషాహీలు పోయిరి, కుంఫిణీవారు వచ్చిరి. ఇది వారి లెక్క. కాని కుంఫిణీ యనునది వంశమును గాదు, దేశమును గాదు. లండను నగరమున లెడెన్‌హాల్ వీధిలో ఒక మేడయందు కూర్చుండి, వాటాలు అమ్మి మూలధనము కూర్చి, ఏటేట లాభము పంచుకొనుచు వచ్చిన వర్తక సంఘము. అట్టి సంఘము కోట్లకొలది ప్రజలకు దొర యగుట లోకచరిత్రలో అరుదైన వింత.

ఇంతకంటె వింత మరియొకటి కలదు. ఆ కుంఫిణీ పుట్టిన దేశమున పార్లమెంటు ఉండెను. 1649లో తమ రాజునే విచారణకు నిలిపి శిరచ్ఛేదము చేయించిన దేశమది. తమ రాజు చేతులు కట్టివేయ నేర్చిన సభ, తమ వర్తకులు సముద్రముల కావల ఏమి చేయుచున్నారో విచారింపకుండెనా? విచారించెను. ఒకమారు గాదు, నూట అరువది సంవత్సరముల పొడుగున పలుమారులు విచారించెను. సంఘములు వేసెను, సాక్షులను పిలిచెను, సంపుటములకు సంపుటములు అచ్చొత్తించెను. దాని ఫలము మన యిండ్లకు ఎంతవరకు చేరినది? ప్లాసీ, బక్సారు యుద్ధముల కథ బడిపిల్లలకును కంఠస్థమే. ఈ విచారణల కథ అంతగ ప్రచారములో లేదు. ధనికసంఘములకును ప్రభుత్వమునకును గల సంబంధమును గూర్చి నేటికిని మనము తర్కించుచున్నాము గనుక, ఈ రజతోత్సవ సంచికను చదువువారికి ఆ కథ కొంత ఉపయోగించునని నా నమ్మకము.

1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి కుంఫిణీకి పట్టా దయచేసెను. తూర్పుదేశములతో వర్తకము చేయు హక్కు పదునైదేండ్లవరకు మరెవ్వరికిని లేకుండ వారికే చెందినది. 1611లో వారి 'గ్లోబు' అను ఓడ నిజాంపట్నమునకు, అటుపిమ్మట మచిలీపట్నమునకు వచ్చెను. కలంకారీ అద్దకములు, సన్నపు నేతబట్టలు వారికి కావలసిన సరకు. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబుషా ఏడాదికి 500 వరహాలు సుంకముగ గైకొని తన రేవులలో స్వేచ్ఛగ వర్తకము చేసికొనుటకు వారికి ఫర్మానా నిచ్చెను. అనగా తెలుగునాట వారు మొదట నిలిచినది అనుమతి వేడిన బేహారులుగనే.

పట్టాకు గడువుండుటలో ఒక కీలకము కలదు. గడువు తీరినప్పుడెల్ల కుంఫిణీ ప్రభుత్వము వాకిట నిలువవలెను. ప్రభుత్వమునకు అప్పుడు ప్రశ్నించు అవకాశము దొరకును. మంచి ఏర్పాటే. కాని వాకిట నిలిచినవాని చేతిలో సంచి యున్నచో ఏమగునో 1695లో బయటపడెను. ఆ యేట పార్లమెంటు కుంఫిణీ లెక్కలను తెప్పించి చూడగా, 'ప్రత్యేక సేవలు' అను పద్దుక్రింద 1693లో ఒక్క సంవత్సరముననే ఎనుబది వేల పౌనులకు మించి వ్యయమైనట్లు తేలెను. ఆ సేవ లెవ్వరివి? పట్టా పునరుద్ధరణకు తోడ్పడిన పెద్దలవి. కుంఫిణీ గవర్నరు సర్ థామస్ కుక్కును లండను కోటలో ఖైదు చేసిరి. రాజుగారి మంత్రులలో అగ్రగణ్యుడైన లీడ్సు ప్రభువు 5,500 గినీలు పుచ్చుకొన్నాడని కామన్సు సభ నేరారోపణ చేసెను. ముఖ్యసాక్షియైన సేవకుడు దేశము విడిచి పోయెను, సభ ముగిసెను, అభియోగము అంతటితో ఆగిపోయెను. మూడేండ్లకు, అనగా 1698లో, ప్రభుత్వమునకు ఇరువది లక్షల పౌనులు నూటికి ఎనిమిది వడ్డీపై అప్పిచ్చిన మరియొక సంఘమునకు పట్టా లభించెను. పాత కుంఫిణీ, క్రొత్త కుంఫిణీ కొంతకాలము పోట్లాడుకొని 1709 నాటికి ఏకమైనవి. లంచము నేరమనిరి, అప్పు రాజనీతి యనిరి.

కుంఫిణీ లోపలి పరిపాలన ఎట్లుండెనో కొంచెము చెప్పవలెను. ఇరువదినలుగురు డైరెక్టర్లు. వారిని ఏటేట వాటాదారుల మహాసభ ఎన్నుకొనును. ఐదువందల పౌనుల వాటా గలవానికి ఓటు కలదు. మన గ్రామ సహకార సంఘములో సభ్యుడు ఒక వాటా కొన్నను పది వాటాలు కొన్నను ఓటు ఒక్కటే. అక్కడ ఓటు మనిషిది గాదు, వాటాది. ఎన్నికల ముందు పెద్ద వాటాదారులు తమ వాటాలను చీల్చి స్నేహితుల పేర వ్రాయించి, ఓట్లు వేయించుకొని, మరల తమ పేర మార్పించుకొనెడివారు. ఈ వాటాదారులలో పార్లమెంటు సభ్యులు పెక్కుమంది. కావున కుంఫిణీని విచారించుటకు కూర్చుండిన సభలో కుంఫిణీ లాభమును పంచుకొనువారును కూర్చుండిరని మరువరాదు.

1765 ఆగస్టు 12వ తేదీన ఢిల్లీ పాదుషా షా ఆలం వంగదేశపు దివానీగిరీని కుంఫిణీకి ఒసగెను. ఆనాడే ఉత్తర సర్కారులకును ఫర్మానా వ్రాయించుకొనిరి. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరు అనబడు కొండపల్లి, ముర్తజానగరు అనబడు గుంటూరు, ఈ ఐదును సర్కారులు. నైజాము నవాబు దీనికి ఊరకుండడు గదా. కాండ్రేగుల జోగిపంతులుగారి మధ్యవర్తిత్వముతో మంతనములు నడిచి, 1766 నవంబరు 12వ తేదీన సంధి కుదిరెను. గుంటూరు మాత్రము 1788 వరకు వారి చేతికి రాలేదు. ఇట్లు ఒక వర్తక సంఘమునకు శిస్తు వసూలు చేయు అధికారము వచ్చెను. మిరియాలు, బట్టలు కొనుటకు ఇంగ్లండునుండి వెండి తేవలసిన పని కొంతవరకు తప్పెను. మన శిస్తు సొమ్ముతోనే మన సరకు కొని ఓడ కెక్కింపవచ్చును.

ఈ వార్త లండను చేరగానే వాటాల వెల మిన్నంటెను. వాటాదారులు లాభాంశమును నూటికి పదికి, వెంటనే పండ్రెండున్నరకు పెంచుకొనిరి. అప్పుడు 1767లో పార్లమెంటు కల్పించుకొని లాభాంశము పదికి మించరాదని శాసించెను. ఇంతవరకు బాగున్నది. కాని అదే సంవత్సరము ఏటేట నాలుగు లక్షల పౌనులు ప్రభుత్వ బొక్కసమునకు చెల్లింపవలెనని కుంఫిణీతో ఒడంబడిక చేసికొనెను. నా అభిప్రాయమున ఈ కథలోని మలుపు ఇదియే. కాపలాదారు తోటలోని పండ్లలో తనకును వంతు కుదుర్చుకొన్న పిమ్మట, చెట్లకొమ్మలు విరుగుచున్నవని అరచుటకు వానికి నోరు రాదు. 1769-70లో వంగదేశమున ఘోరక్షామము వచ్చి జననష్టము అపారమైనను, శిస్తు వసూలు మాత్రము పట్టు విడువలేదు.

1772లో లండనునందు అప్పులమార్కెట్టు కూలెను. రాజ్యము లేలు కుంఫిణీ అప్పుకొరకు ప్రభుత్వమునొద్దకు పరుగిడెను. 14 లక్షల పౌనులు అప్పిచ్చి, దానికి బదులుగ 1773లో పార్లమెంటు రెగ్యులేటింగు చట్టము చేసెను. గవర్నరు జనరలు పదవి, కలకత్తాలో సుప్రీముకోర్టు, కానుకలు పుచ్చుకొనరాదను నిషేధము, శిస్తు వ్యవహారపు ఉత్తరముల నకళ్లు బ్రిటిషు ఖజానా శాఖకు చూపవలెనను నిబంధన, ఇవన్నియు అందులోనివే. ఓటుకు కావలసిన వాటాను వేయి పౌనులకు పెంచిరి. క్లైవును గూర్చి విచారించిన సభ, ఆయన 2,34,000 పౌనులు గైకొనెనని తీర్మానించి, ఆయన దేశమునకు గొప్ప సేవ చేసెనని మరియొక తీర్మానమును ప్రక్కనే చేర్చెను! అమ్ముడుపోని తేయాకును అమెరికాలో వదిలించుకొనుటకు కుంఫిణీకి అదే సంవత్సరము ఇచ్చిన సదుపాయము బోస్టను రేవులో ఏ పరిణామమునకు దారితీసెనో అందరికి తెలిసినదే.

ఇక మన సర్కారుల సంగతికి వత్తము. జమీందారులు ఎంత వసూలు చేయుచున్నారు, రైతుకు ఎంత మిగులుచున్నది, ఏ ఊర ఎన్ని మగ్గములున్నవి అను విషయములు కుంఫిణీకి తెలియవు. కావున డైరెక్టర్ల ఉత్తరువుపై 1776లో మద్రాసు కౌన్సిలు సభ్యులతో ఒక సర్క్యూటు కమిటీ ఏర్పడెను. వారు సర్కారులలో తిరిగి, పంటలు, జనసంఖ్య, చేతిపనులు, జమీందారుల రాబడి, సేద్యగాండ్ర స్థితి విచారించి నివేదింపవలెను. రైతులను అక్రమ వసూళ్లనుండి కాపాడు మార్గము సూచింపవలెను. ఉద్దేశము శిస్తు పెంపే కావచ్చును. ఐనను పరిపాలకుడు పల్లెకు వచ్చి చూచి వ్రాసికొనుట మంచి ఆరంభమే.

1778 ఫిబ్రవరిలో థామస్ రంబోల్డు మద్రాసు గవర్నరుగ వచ్చెను. వచ్చిన కొలది వారములకే ఆయన కమిటీని నిలిపివేసి, జమీందారు లందరును మద్రాసుకు స్వయముగ వచ్చి తనతో ఒప్పందములు చేసికొనవలెనని ఉత్తరువు పంపెను. విజయనగరమునుండి మద్రాసునకు సుమారు ఐదువందల మైళ్లు. పల్లకీలు, పరివారము, దారిఖర్చు, మద్రాసులో దుబాసీల మర్యాదలు, అన్నిటికిని అప్పు చేయక తప్పదు. ఆ అప్పు తుదకు రైతు నెత్తిపై పడక తప్పదు. కమిటీ కన్నులయెదుట బయలున జరుగవలసిన బేరము గవర్నరు గదిలోనికి మారెను.

విజయనగర సంస్థానమున అప్పుడు ఇద్దరు సోదరుల వివాదము నడుచుచుండెను. రాజు విజయరామరాజు, అధికారము చెలాయింప గోరినవాడు ఆయన అన్న సీతారామరాజు. తమ్ముడు వలదని మొరపెట్టుకొన్నను, సీతారామరాజునే దివానుగ నిలుపవలెనని మద్రాసు గవర్నరు నిర్ణయించెను. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శికి ఆ పక్షమునుండి లక్షరూపాయలు ముట్టునట్లు ఒప్పుదల జరిగెనను ఆరోపణ తరువాత లండనులో విచారణకు వచ్చెను. రంబోల్డు స్వదేశమునకు పంపిన ధనము ఆయన జీతమునకు ఎన్నో రెట్లని విచారణసంఘము లెక్క చూపెను. అందు కొంత పూర్వార్జితమని ఆయన వాదించెను. పిమ్మటి చరిత్రకారులలో ఆయనను సమర్థించినవారును లేకపోలేదు. ఏమైనను డైరెక్టర్లు 1781 జనవరిలో ఆయనను పదవినుండి తొలగించిరి. ఆయన అంతకు ముందే ఓడ యెక్కి ఇంగ్లండు చేరియుండెను. హెన్రీ డండాసు అధ్యక్షతన గల సంఘము నివేదికపై 1782లో ఆయనను శిక్షించుటకు కామన్సు సభలో బిల్లు ప్రవేశపెట్టిరి. అప్పటికి రంబోల్డు ఆ సభలోనే సభ్యుడు. వాయిదాలపై వాయిదాలు పడెను. సభ్యులు చాలినంతమంది హాజరగుటయు కష్టమయ్యెను. 1783లో బిల్లు మెల్లగ జారిపోయెను.

సర్క్యూటు కమిటీని 1783లో మరల నిలిపి, 1788లో మరల రద్దు చేసిరి. విజయనగరపు వ్యవహారమునకు ముగింపు మద్రాసులోను లండనులోను గాక పద్మనాభమున దొరకెను. పేష్కషు బకాయిలు తీర్పలేక, రాజ్యము విడిచి మచిలీపట్నమున నివసింపుమను ఆజ్ఞకు లోబడక, విజయరామరాజు 1794 జూలై 10వ తేదీన కుంఫిణీ సేనతో పోరి అచ్చటనే కూలెను. బకాయి వసూలునకు సేన వచ్చెను. బిల్లునకు మాత్రము వాయిదాలు.

ఆర్కాటు నవాబు అప్పుల కథ దీనికంటె పెద్దది. నవాబు మహమ్మదాలీ చేతిలో సొమ్ము నిలువదు. కుంఫిణీ ఉద్యోగులే సొంతముగ ఆయనకు భారీవడ్డీలకు అప్పిచ్చి, దానికి ఈడుగ సీమల శిస్తులను వ్రాయించుకొనెడివారు. నెల్లూరు సీమ నాడు ఆయన ఏలుబడిలోనిది. 1801 వరకు అట్లే యుండెను. కావున అచ్చటి తెలుగు రైతు చెల్లించిన శిస్తును ఆశించి మద్రాసులో వడ్డీ వ్యాపారులు కూర్చుండిరనుట అతిశయోక్తి గాదు. పాల్ బెన్‌ఫీల్డు అను చిన్న ఉద్యోగి తంజావూరు రాబడిపై తనకు రెండు లక్షల పౌనులకు మించిన హక్కున్నదని దావా చేసెను. గవర్నరు పిగటు ప్రభువు దానిని అంగీకరింపలేదు. 1776 ఆగస్టు 24వ తేదీన ఆయన కౌన్సిలు సభ్యులే ఆయనను నిర్బంధించిరి. మరుసటి సంవత్సరము మే నెలలో నిర్బంధములోనే మరణించెను. గవర్నరునే ఖైదు చేయగల ఋణదాతలు! బెన్‌ఫీల్డు ఇంగ్లండునకు పోయి 1780లో తానును పార్లమెంటు సభ్యుడయ్యెను.

1784లో ప్రధాని పిట్టు చేసిన చట్టము కుంఫిణీపై ఆరుగురు సభ్యుల నియంత్రణ మండలిని నెలకొల్పెను. డైరెక్టర్లు మండలికి తెలియకుండ ఇండియాకు రాజ్యవిషయములలో ఉత్తరువులు పంపరాదు. ఆర్కాటు అప్పులలో ఏది నిజమో ఏది కల్పితమో విచారింపవలెనని అందులోనే విధించిరి. డైరెక్టర్లు విచారణకు సిద్ధపడగా, మండలిలో ప్రధానుడైన డండాసు (మన రంబోల్డును దుయ్యబట్టిన డండాసే) వారిని త్రోసివేసి, విచారణ అక్కరలేదు, ఏటేట 12 లక్షల వరహాలు కర్ణాటక రాబడినుండి తీసి ఋణదాతలకు పంచుడని ఆజ్ఞాపించెను. 1785 ఫిబ్రవరి 28వ తేదీన ఎడ్మండ్ బర్కు కామన్సు సభలో దీనిని ఎండగట్టి గొప్ప ఉపన్యాసము చేసెను. ఎన్నికలలో ఋణదాతలు తోడ్పడినందుకు ఇది ప్రతిఫలమని ఆయన నేరుగనే చెప్పెను. సభ ఆయన పక్షము వహింపలేదు.

బర్కు మాటలోని నిజము ఇరువదియేండ్ల తరువాత లెక్కలలో తేలెను. నవాబుపై మిగిలిన క్రొత్త దావాలను పరిశీలించుటకు 1805లో కమిషనర్లను నియమించిరి. దాఖలైన దావాల మొత్తము మూడు కోట్ల పౌనులకు మించెను. ఏండ్ల తరబడి ఒక్కొక్క పత్రమును పరీక్షించి వారు న్యాయమని ఒప్పుకొన్నది దాదాపు ఇరువదియేడు లక్షల పౌనులు మాత్రమే. అనగా పదింట ఒకవంతు గూడ గాదు. మరి విచారణయే లేక 1785లో ఒప్పుకొన్న అప్పులలో తాలెంతయో, గింజయెంతయో!

ఇచ్చట ప్రసంగవశమున మన కాలపు సంగతి నొకదానిని పోల్చి చూపవచ్చును. 1957లో మన జీవితబీమా కార్పొరేషను హరిదాసు ముంద్రా అను వ్యాపారి సంస్థల వాటాలను సుమారు కోటి ఇరువదియైదు లక్షల రూపాయలకు కొనెను. ఆ డిసెంబరు నెలలో ఫిరోజు గాంధీ లోకసభలో ప్రశ్నించెను. ఆయన పాలకపక్ష సభ్యుడే, ప్రధానికి అల్లుడు గూడ. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగముగ, జనము వినుచుండగ, విచారణ జరిపెను. 1958 ఫిబ్రవరి నాటికి నివేదిక వచ్చెను. ఆర్థికమంత్రి కృష్ణమాచారి రాజీనామా నిచ్చెను. ప్రశ్నకును ఫలితమునకును నడుమ రెండు మూడు నెలలే. ఆ సొమ్ము బీమా కట్టిన మన జనులది. ప్రశ్నించినవాడు ఆ జనులు ఎన్నుకొన్నవాడు. ఆర్కాటు అప్పులలో సొమ్ము ఒక దేశపు రైతులది, ప్రశ్నించు హక్కు మరియొక దేశపు ఓటర్లది. విజయనగరము, నెల్లూరు, తంజావూరు జనులచేత ఎన్నికైనవాడు ఆ సభలో ఒక్కడును లేడు. బర్కు ఎంత మహావక్త యైనను పరాయి ఇంటి పెద్దమనిషియే.

వారన్ హేస్టింగ్సుపై 1788లో ప్రారంభమైన మహాభియోగమును గూర్చి విస్తరింపను. ఏడేండ్లు నడిచి 1795లో ఆయన నిర్దోషి యని తీర్పుతో ముగిసెను. ఆ విచారణ భయముచేత పిమ్మటి గవర్నర్లు కొంత జాగ్రత్త పడిరని చెప్పువారు కలరు. అందు సత్యము లేకపోలేదు.

1793లో పట్టాను మరి ఇరువదియేండ్లు పొడిగించిరి. అప్పుడు చేర్చిన ఏర్పాటొకటి చిన్నదైనను గమనింపదగినది. కుంఫిణీపై కావలి కాయు నియంత్రణ మండలివారి జీతములు ఇండియా రాబడినుండి ఇయ్యవలెనట. బ్రిటిషు ప్రజలకు ఒక్క పెన్నీ ఖర్చు లేదు. తన సొమ్ము ఖర్చు గానప్పుడు బ్రిటిషు ఓటరు ఆ మండలి పనిని గూర్చి అడుగుట ఎందులకు?

పట్టా గడువు సమీపించిన ప్రతిసారియు విచారణ జరుగుటవలన మనకు మిగిలిన మేలొకటి కలదు. 1812లో వెలువడిన ఐదవ నివేదిక యను బృహద్గ్రంథము అట్టిది. అందులో జేమ్సు గ్రాంటు ఉత్తర సర్కారులపై వ్రాసిన పరిశీలన చేర్పబడియున్నది. జమీందారీల పుట్టుక, పరగణాల రాబడి, నైజాము కాలపు జమాబందీ, ఇవన్నియు అందు కలవు. సర్కారుల చరిత్ర వ్రాయబూనినవారికి అది తప్పనిసరి యైన ఆధారము. 1813 చట్టము తేయాకు, చీనావర్తకము తప్ప తక్కిన వర్తకమును అందరికిని తెరచెను; విద్యకై ఏటేట లక్షరూపాయలు కేటాయించెను. గుత్తాధిపత్యము పోవుట న్యాయమే. కాని ఇంజరము, మాదపాలెము, విశాఖపట్నములలో కుంఫిణీ బయానాపై బ్రదుకుచుండిన సాలెవారికి ఆ న్యాయము మరియొక రూపమున కనబడెను. బయానా యున్నన్నాళ్లు దళారుల ఒత్తిడి, తక్కువ ధర, వేరొకరికి అమ్మరాదను కట్టుబాటు. బయానా పోయిన పిమ్మట మాంచెస్టరు మిల్లుగుడ్డ. మాదపాలెము పేర ఇంగ్లండులో ఒక రకపు బట్ట వెలసెను; ఊర మగ్గములు మూలబడెను.

1833 సంవత్సరము మన జిల్లాలవారు మరువరానిది. మన లెక్కలో అది నందన సంవత్సరపు కరువు. 1832లో వానలు లేకపోవుటతో గుంటూరు సీమ మాడిపోయెను. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు చచ్చిరని నాటి అంచనాలు. చెన్నపట్నపు బాట పొడుగున కళేబరములు. అదే 1833 ఆగస్టులో లండనునందు పార్లమెంటు కుంఫిణీకి క్రొత్త పట్టా నిచ్చెను. కుంఫిణీ ఇక వర్తకము చేయరాదు. రాజ్యము మాత్రము ఏలవచ్చును. మరి వాటాదారుల గతి? వారికి నూటికి పదిన్నర చొప్పున, ఏటికి 6,30,000 పౌనుల లాభాంశమును ఇండియా రాబడినుండి శాశ్వతముగ చెల్లింపవలెను. నలువదియేండ్ల తరువాత నూరు పౌనుల వాటాకు రెండువందల చొప్పున ఇచ్చి తీర్చివేయవచ్చును. వర్తకము లేని వర్తకులకు నష్టము లేని లాభము.

ఆ లాభాంశము నాటి మారకమున అరువది లక్షల రూపాయలకు పైమాట. ధవళేశ్వరపు ఆనకట్టకు కాటను దొర వేసిన తొలి అంచనా సుమారు 4 లక్షల 75 వేలు. పని సాగినకొలది ఖర్చు పెరిగినమాట నిజమే. ఐనను ఒక్క సంవత్సరపు లాభాంశముతో అట్టి అంచనాలు పది పండ్రెండు తీరెడివని లెక్క చెప్పుచున్నది. ఆ ఆనకట్టకు అనుమతి 1846 కడపటగాని రాలేదు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. లాభాంశము మాత్రము ఒక్క యేడును ఆగలేదు.

ఇంతవరకు ఈ కథలో మాటాడినవారందరును ఆంగ్లేయులే. మనవారి గొంతు వినబడినది 1852లో. మద్రాసులో వర్తకము చేయుచుండిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు అంతకు ముందే 'క్రెసెంటు' అను పత్రికను నడపుచుండిరి. పట్టా గడువు 1853తో తీరుచున్నదని గ్రహించి, 1852లో మద్రాసు నేటివు అసోసియేషను స్థాపించి, పార్లమెంటునకు మహజరు పంపిరి. శిస్తుభారము, న్యాయస్థానముల జాప్యము, ఉప్పుపన్ను, బాటలు కాలువలు లేమి, వసూళ్లలో హింస, ఒక్కటియు విడువలేదు. ఆ మహజరు చదివి కామన్సు సభ్యుడు డాన్బీ సేమరు 1853లో స్వయముగ మద్రాసునకు వచ్చెను. శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పిరి. రైతులను ఎదురుగ నిలిపి చెప్పించిరి. వసూలుకొరకు హింసలు జరుగుచున్నవని సేమరు 1854లో సభలో చెప్పగా, అట్టిది లేదని కుంఫిణీ పక్షమువారు కాదనిరి. తుదకు మద్రాసు ప్రభుత్వము విచారణ కమిషనును నియమింపక తప్పినది గాదు.

ముగ్గురు సభ్యుల ఆ కమిషను 1855లో నివేదించెను. రాజధానియంతటికిని కూర్చున్నచోటు మద్రాసు. దూరపు జిల్లాల రైతు ఎడ్లబండిపై రావలెనన్న వారములు పట్టును. తిరిగి పోయిన పిమ్మట అదే తాసీల్దారు, అదే ముచ్చలిక. ఐనను 1,959 ఫిర్యాదులు వచ్చినవి. కాళ్లీడ్చుకొనుచు నడచి వచ్చినవారు కలరు. వ్రేళ్లను రెండు కర్రల నడుమ నిరికించి నొక్కు 'చిరత', మెడకు కాలిబొటనవ్రేలికి త్రాడు బిగించి వంచి ఎండలో నిలుపు శిక్ష, ఇవి వసూలు సాధనములని కమిషను ఒప్పుకొనెను. దొరతనపు పెద్దల తప్పిదము లేదని, క్రింది నౌకరులదే దోషమని గూడ వ్రాసెను. క్రింది నౌకరును ఎవరు నియమించిరి, వసూలు తగ్గినచో ఎవరు గద్దించిరి అను ప్రశ్నలను శెట్టిగారు పత్రికలో అడుగుచునే యుండిరి. అటుపిమ్మట అసోసియేషను కుంఫిణీ పరిపాలనమునే తొలగింపుమని కోరెను. వంద మహోపన్యాసములు చేయలేని పని, దెబ్బ తిన్నవాడే వచ్చి సాక్ష్యము చెప్పుటచేత జరిగెనని నేననుకొందును. పద్దెనిమిదవ శతాబ్దమున ఒక్క విచారణలోను ఆ సాక్షికి చోటు లేకుండెను.

1853 చట్టము డైరెక్టర్లను పదునెనిమిదిమందికి తగ్గించి అందారుగురిని ప్రభుత్వమే నియమించునట్లు చేసెను. 1857 తిరుగుబాటుతో తక్కినది పూర్తియయ్యెను. కుంఫిణీ తన తుదిమాటగ పార్లమెంటునకు సమర్పించిన విజ్ఞాపనను వ్రాసినవాడు జాన్ స్టూవర్టు మిల్లు; స్వేచ్ఛను గూర్చి లోకమునకు బోధించిన ఆ తత్త్వవేత్త ముప్పదియైదేండ్లు కుంఫిణీ కొలువులో నుండెను. విజ్ఞాపన ఎంత చక్కనిదైనను పనిచేయలేదు. 1858 నవంబరు 1వ తేదీన రాణి ప్రకటన వెలువడెను. కుంఫిణీ అప్పులు, వాటాదారుల లాభాంశము, రెండును ఇండియా రాబడిపైననే యుంచబడెను.

లెడెన్‌హాల్ వీధిలోని మేడను 1861లో పడగొట్టిరి. వాటాల లెక్క తీరి, 1874 జూన్ 1వ తేదీన కుంఫిణీ చట్టరీత్య అంతరించెను. దాని దస్త్రములు మాత్రము పోలేదు. మద్రాసులోని రాజ్యపత్రశాలలో కొన్నియు, లండనులోని బ్రిటిషు లైబ్రరీలో కొన్నియు భద్రముగ నున్నవి. సర్క్యూటు కమిటీ నివేదికలు, మచిలీపట్నము కౌన్సిలు ఉత్తరములు, గుంటూరు కరువునాటి కలెక్టరుల లేఖలు అందులోనివే. ఐదవ నివేదిక అచ్చుపుస్తకముగనే దొరకుచున్నది. మన ఊరి పరగణా పేరు అందెక్కడ నున్నదో వెదకి, దాని రాబడి లెక్కను తెలుగులోనికి దింపు పని మన గ్రంథాలయ పాఠకులలో ఎవరైనను చేపట్టవచ్చును.